వెనక్కి నడిపే మనిషి

'ఓవర్‌రేటెడ్' అనే మాట మా దుకాణంలోకి ఎప్పుడు వచ్చిందో నాకు గుర్తు లేదు. వరంగల్‌లో మాది ట్రాక్టర్ స్పేర్‌పార్టుల దుకాణం, నాన్న కాలం నుంచి ఉన్నది. క్లచ్ ప్లేట్లకూ బేరింగులకూ వచ్చే డ్రైవర్లు బయట బల్ల మీద కూర్చుంటారు, సరుకు చేతికొచ్చాక కూడా లేవరు. క్రికెట్ ఆటగాళ్లను, సినిమా హీరోలను, ఎమ్మెల్యేలను ఆ బల్ల మీదే ఎత్తుతారు, ఆ బల్ల మీదే దించుతారు. పోయిన నెల రివర్స్ కాక చనిపోయాడని కబురు వచ్చిన రోజు, పక్క షెడ్డు మెకానిక్ తన ఫోను తెచ్చి నా గల్లాపెట్టె మీద పెట్టి, ఆ మాటను ఆయనకు కూడా తగిలించాడు.

"మనిషి మంచోడే సేటు, కాదంటలేను. గని జర ఓవర్‌రేటెడ్. నువ్వే సూడు."

ఏ వీడియోనో చూడకముందే నాకు తెలుసు. ఖిలా వరంగల్ మట్టికోట పక్కన ఖాళీ జాగాలో పెట్టిన పందెం. ట్రాక్టరు వెనక్కి వస్తూ ఉంటుంది, ట్రాలీ వంకర తిరుగుతుంది, పాతిన కర్రలు ఒకదాని తర్వాత ఒకటి పడిపోతాయి. ఫోను పట్టుకున్నవాడి నవ్వు దగ్గరగా వినిపిస్తుంది. "కాకా, ఇగ ఇంటికి పోదాం పా" అని ఎవరో అరుస్తారు. సీట్లో ఒక బక్కపలచటి ముసలాయన, మెడ తిరగక నడుము మొత్తం తిప్పి చూస్తుంటాడు. అందరూ రివర్స్ కాక అని పిలిచే మనిషి ఆయనే. నేను మాత్రం అన్నా అనేవాణ్ణి.

ఈ పందెం సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెప్పాలి. మా వైపు వరి కోతలయ్యాక, జాతరలప్పుడు, ఖాళీ పొలాల్లో ట్రాక్టర్ రివర్స్ పందేలు పెడతారు. రెండు వరసల కర్రలు పాతి, వాటి మధ్య దారిని మలుపులు మలుపులుగా తిప్పుతారు. నాలుగు చక్రాల ట్రాలీ తగిలించిన ట్రాక్టరును ఆ దారిలో మొత్తం వెనక్కే నడిపించాలి. కర్ర పడకూడదు, బండి ఆగకూడదు, తొందరగా ముగించినవాడిదే గెలుపు. నాలుగు చక్రాల ట్రాలీకి ముందు ఇరుసు వేరుగా తిరుగుతుంది కాబట్టి, స్టీరింగు మనం ఒకవైపు తిప్పితే అది తనకు తోచిన వైపు పోతుంది. నేనూ ఒకసారి ఖాళీ పొలంలో ప్రయత్నించి, ట్రాలీని ట్రాక్టరు పక్కకే తెచ్చి నిలబెట్టాను. మళ్లీ ఆ జోలికి పోలేదు.

మెకానిక్ వాదనలో బలం లేకపోలేదు. ఆ రోజుల్లో పందేనికి దిగేవాళ్లు ఎందరని అడుగుతాడు. ఊరికి ఒకటో రెండో ట్రాక్టర్లు ఉండే కాలంలో గెలవడం ఏం గెలవడమంటాడు. ఇప్పటి పోరగాళ్లు ఆయన మంచి రోజుల్లో తీసుకున్న సమయంలో సగానికే పని ముగిస్తున్నారంటాడు. ఇప్పటిది పవర్ స్టీరింగురా, అప్పటిది తిప్పితే భుజాలు పడిపోయేవని నేనంటాను. అప్పటి మలుపులు వెడల్పుగా ఉండేవట కదా అని వాడంటాడు. ఈ వాదన ఆయన బతికి ఉండగానే ఎన్నిసార్లు చేశామో లెక్క లేదు. అసలు చిక్కల్లా ఆయన గెలిచిన పందేలకు ఒక్క వీడియో కూడా లేకపోవడం. అప్పటి ఫోన్లు మాట్లాడటానికే సరిపోయేవి. ఊళ్లలో అందరి చేతుల్లోకి కెమెరా ఫోన్లు వచ్చేసరికి ఆయన ఓడిపోవడం మొదలైంది. చూసినవాళ్లం చెబితే నమ్మాలి, మా మాట ఇప్పుడెవరు నమ్ముతారు. ఆ రోజు నాకు వాదించే ఓపిక లేకపోయింది. ఫోను వాడికిచ్చేసి, గిరాకీ ఎవరో వస్తే బెల్టు చూపించడానికి లేచాను.

ఆయన్ను నేను మొదట చూసింది పందెంలో కాదు, పత్తి మార్కెట్లో. సీజను నడుస్తోంది, ట్రాక్టర్లు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినట్టున్నాయి. ఒక బండికి సామాను ఇవ్వడానికి వెళ్లి నేనూ అందులో ఇరుక్కున్నాను. రెండు ట్రాలీల నడుమ కాస్త సందు ఉంది. అందులోకి ఎవరూ బండి పెట్టరని, ఆ సందులో కూర్చుని ఇద్దరు హమాలీలు సద్ది తింటున్నారు. ఎక్కడి నుంచో పత్తి బోరాలతో ఒక బండి వచ్చింది. డ్రైవరు కాళ్లకు చెప్పులు లేవు. దిగి ఆ సందును చూశాడు, నేలను కాలివేళ్లతో నొక్కి చూశాడు, హమాలీలను తినడం అయ్యేదాకా కూర్చోమన్నాడు. వాళ్లు లేచాక ఎక్కి, ఒక్కసారి కూడా ముందుకు పోకుండా, ఆ బండిని వెనక్కి తెచ్చి ఆ సందులో పెట్టాడు. చుట్టూ ఉన్నవాళ్లు ఈలలు వేశారు. ఆయన దిగి, ఛాయ్ ఎవరు తాపిస్తారని అడిగాడు. అడిగిన తీరు చూస్తే, తాపించడం మా బాధ్యత అన్నట్టు ఉంది. నేనే తాపించాను. సాసర్‌లో పోసుకుని తాగాడు.

ఆ తర్వాత నా దుకాణానికి రావడం మొదలుపెట్టాడు. ఎక్కువగా పిన్ను కోసం వచ్చేవాడు. ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య వేసే ఇనుప పిన్ను అది. పందెంలో బండి ఎవరిదైనా, పిన్ను మాత్రం ఆయన ఇంటి నుంచి గుడ్డలో చుట్టుకుని తీసుకుపోయేవాడు. కౌంటర్ అద్దం మీద పిన్నులు ఒక్కొక్కటే దొర్లించి, ఆ చప్పుడు చెవి పెట్టి విని, "గిది వంగింది" అని పక్కన పెట్టేవాడు. కొత్త డబ్బాలోంచి తీసిందన్నా అంటే, కొత్తగా వంగిందనేవాడు. ఒకసారి ఆయన పోయాక, వంగిందన్న పిన్నుకు స్కేలు ఆనించి చూశాను. తిన్నగానే ఉంది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. మెకానిక్‌కు చెప్పాను, వాడు వారం రోజులు నవ్వాడు. ఆయనలో కొంత నాటకం ఉండేది, అది నాకు మొదటి నుంచీ తెలుసు.

నాటకం కాని సంగతి ఒకటి ఉంది, అది మెడ. ఎడమ చెయ్యి స్టీరింగు మీద, కుడి చెయ్యి మడ్‌గార్డు మీద, మొహం కుడి భుజం మీదుగా వెనక్కి. ఏళ్ల తరబడి అట్లా కూర్చోవడంతో ఆయన మెడ కొద్దిగా కుడికే ఉండిపోయింది. మా బల్ల మీద కూర్చున్నా నా వైపు ఎదురుగా చూడలేక, ఏటవాలుగా కూర్చునేవాడు. బిడ్డ పెండ్లి ఫోటోలో అందరూ కెమెరా వైపు చూస్తుంటే ఈయన పక్కకు చూస్తున్నాడు. "పెండ్లి ఫోటోల గూడ ట్రాలీనే సూస్తాండు" అని ఆయన భార్య అందరికీ చూపించి నవ్వేది. ఆ మెడే తర్వాత ముందుకూ పోక, వెనక్కీ పోక పట్టేసింది. చేతుల్లో వణుకు కూడా వచ్చింది. కానీ పందేలకు పోవడం మానలేదు.

ఓడిపోవడం ఆయనకు చేతకాలేదు, ఈ ముక్క దాచితే ఆయన బొమ్మ పూర్తి కాదు. ఓడిన ప్రతిసారీ ఒక కారణం దొరికేది. ఎండ కంట్లో పడ్డది. నేల మెత్తగున్నది. ట్రాలీ టైర్లలో గాలి సమంగా లేదు. మైకులో వాగేవాడు పరేషాన్ చేసిండు. గెలిచిన పిల్లవాడు కాళ్లు మొక్కడానికి వస్తే, నెత్తి మీద చెయ్యి పెడుతూనే వాడి తప్పులు చెప్పేవాడు. మెకానిక్ అనే మాటలకు సగం కారణం ఇదే. నిమ్మళంగా ఓడిపోయి ఇంట్లో కూర్చుని ఉంటే జనం ఆయన్ను దేవుడిని చేసి ఉండేవాళ్లు. మనం మన పెద్దవాళ్ల నుంచి కోరేది అదే. మన జ్ఞాపకం చెడకుండా తప్పుకోమని కోరతాం, వాళ్లకు ఇంకా ఆడాలని ఉంటుందని అనుకోం.

ఖిలా వరంగల్ పందేనికి ఆయన్ను నా మోటారు సైకిలు మీద తీసుకుపోయింది నేనే. నర్సంపేట వైపు వాళ్ల ఊరి నుంచి బస్సులో దుకాణానికి వచ్చాడు. తెల్ల అంగీ వేసుకున్నాడు, చంకలో గుడ్డ సంచి. దారిలో బండి ఆపి, ఈ పందెం వద్దు, వెనక్కి పోదామని చెప్పాను. పోరగాళ్లు నవ్వుతారని కూడా చెప్పాను. రోడ్డు పక్కన కంకర మీద నిలబడి ఉన్నాం, లారీలు పోతున్నాయి.

"మైకుల నా పేరు సదువుతరు సూడు సేటు," అన్నాడు చివరికి. "గది ఇంటె నా మెడ నొప్పి పోతది. ఇంటికాడ కూసుంటె ఎవ్వలు సదువుతరు?"

మళ్లీ బండి స్టార్ట్ చేశాను. తీసుకుపోయాను. మైకులో పేరు చదివారు, దండ వేశారు, ముసలాళ్లు లేచి చప్పట్లు కొట్టారు. కోట గోడ మీద వరసగా కూర్చున్న పిల్లలు ఫోన్లు ఎత్తిపట్టుకున్నారు. ఆ తర్వాత జరిగింది మీరు వీడియోలో చూడొచ్చు. మొదటి మలుపు బాగానే వచ్చింది. రెండో మలుపు దగ్గర ఆయన చూడాల్సిన వైపుకు మెడ రాలేదు, నడుము తిప్పేలోపు ట్రాలీ వంకరపోయింది. నేను కళ్లు మూసుకున్నాను, కర్రలు పడే చప్పుడు మాత్రం వినిపించింది. తిరిగి వస్తున్నప్పుడు బండి మీద వెనక కూర్చుని, పిన్ను లూజున్నదన్నాడు. ఆ పిన్ను నువ్వే ఏరుకున్నవు కదన్నా అన్నాను. బస్‌స్టాండులో దింపితే వెనక్కి చూడకుండా ఎక్కిపోయాడు, చూడాలన్నా ఆ మెడతో చూడలేడు.

తర్వాత కొన్నాళ్లకు కిడ్నీలు పాడయ్యాయని, హన్మకొండలో ఒక దవాఖానలో చేర్చారని తెలిసింది. మధ్యాహ్నం దుకాణం మూసి వెళ్లాను. ఆయన భార్య, నేను వదినా అంటాను, వరండాలో గిన్నె ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. తిండి ముట్టడం లేదని చెప్పింది. మందుల వల్లనా అంటే కాదంది. బిడ్డ తన పాత ఫోను ఇచ్చి పోయిందట, ఏదో ఒకటి చూసుకుంటూ కాలం గడుపుతాడని. ఆయన ఓడిపోయిన పందేల వీడియోలన్నీ ఎవరో పంపారట. పొద్దస్తమానం అవే చూస్తున్నాడట.

లోపలికి పోయేసరికి ఫోను గుండె మీద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. చేతులు సన్నబడిపోయాయి. నేను కుర్చీని ఆయన కుడి వైపుకు జరిపి కూర్చున్నాను, అటైతే చూడగలడని. ఇంటి సంగతులు, ఊరి సంగతులు ఏవో ఎత్తాను. ఆయన వినలేదు.

"సేటు, నేను గింతేనా?" అన్నాడు.

ఏమి గింతే అని అడిగాను. ఫోను చూపించాడు. అందులో మట్టికోట, ట్రాక్టరు, పడుతున్న కర్రలు.

"నన్ను నేను ఎన్నడు సూస్కోలే," అన్నాడు. "బండి మీద ఉన్నోనికి ట్రాలీ కనవడ్తది, కర్రలు కనవడ్తయి. నేనెట్ల కనవడ్త? గిప్పుడే సూస్తాన. గింత చేతగానోన్ని పట్టుకోని మీరందరు నా ముంగట ఊకెనే పొగిడిన్రా?"

ఆయన గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నాడు. మా బల్ల మీద ఇన్నేళ్లు నేను వాదించినవన్నీ వరసగా నోటికి వచ్చాయి. వయసు మీద పడ్డది, మెడ పట్టేసింది, ఇవి చూసి నిన్ను నువ్వు కొలుచుకోకు అన్నాను. చెయ్యి అడ్డంగా ఊపాడు.

"గవన్ని ఇడ్సిపెట్టు. నర్సంపేట కాడ నువ్వు సూసినవ్ గద. గది చెప్పు."

నర్సంపేట పందెం ఆయన గెలిచినవాటిలో పెద్దది. నేనక్కడ ఉన్నాను, నాకు అప్పుడు పెండ్లి కూడా కాలేదు. చెప్పడం మొదలుపెట్టాను. ముందు రోజు వాన పడింది, వరి కొయ్యకాళ్ల మధ్య నేల తడిగా ఉంది. ఆయన కంటే ముందు దిగినవాళ్లంతా ఎక్కడో ఒకచోట ఆగిపోయారు. ఆయన దిగి చెప్పుల్లేకుండా ఆ దారి పొడుగునా నడిచాడు, జనం తొందర చేస్తున్నా వినలేదు. బండి ఎక్కి కదిలించాక మధ్యలో ఇంజను చప్పుడు ఒక్కసారి కూడా మారలేదు. మలుపు వచ్చేముందే స్టీరింగు తిరిగేది, ట్రాలీ తర్వాత తిరిగేది. చివరి మలుపు దగ్గరికి వచ్చేసరికి అరుస్తున్న జనం కూడా అరవడం ఆపేశారు. చెబుతుంటే నాకూ అన్నీ కళ్ల ముందుకు వచ్చాయి. నా అలసిపోయిన ప్రాణానికి కాసేపు హుషారు వచ్చింది. ఆయన కళ్లు మూసుకుని వింటున్నాడు.

అయిపోయాక కళ్లు తెరిచాడు.

"ఒక్క కర్ర గూడ తాకలేదా?"

ఒక్క కర్ర కూడా తాకలేదని ఈ చుట్టుపక్కల అందరూ చెబుతారు. నర్సంపేట పందెం గురించి ఎవరు చెప్పినా ఆ ముక్కతోనే ముగిస్తారు, చూడనివాళ్లు ఇంకా గట్టిగా చెబుతారు. ఆయన నన్నే చూస్తున్నాడు. తాకలేదని అంటే ఆ ముసలి ప్రాణానికి సంతోషమని నా మనసు చెప్పింది. కానీ ఆ మధ్యాహ్నం నాకు ఆయన్ను సంతోషపెట్టే ఓపిక కూడా లేదు. ఆయన ఎక్కువ కాలం ఉండడని వరండాలోనే అర్థమైంది, చాలా బాధగా ఉంది, అబద్ధం చెప్పడానికి కూడా కొంత బలం కావాలి.

"తాకింది అన్నా," అన్నాను. "సివరి మలుపుల, ఎడమ దిక్కు. ట్రాలీ మూల తాకింది. కర్ర ఊగింది. గని పడలే."

ఆయన మళ్లీ కళ్లు మూసుకున్నాడు. తప్పు చేశానని, అనవసరంగా నోరు జారానని అనుకున్నాను. పక్క మంచం మీది రోగిని చూడటానికి ఎవరో వచ్చి పోయారు. అప్పుడు ఆయన పెదవులు కదిలాయి.

"ఊగింది," అన్నాడు. "నేను సూసిన. పడ్తదనుకున్న. దిగంగనే అందరొచ్చి తాకలే, తాకలే అన్నరు. గప్పటి సంది గదే అంటాన్రు. గదొక్కటి నా కండ్లతోని సూసిన, గండ్లనే అందరు అబద్ధం చెప్పినంక, నేను సూడని తక్కినయి నిజమని ఎట్ల నమ్మాలె?"

నా చెయ్యి పట్టుకున్నాడు.

"నువ్వు సూసినవ్," అన్నాడు. "కర్ర ఊగింది సూసినవంటె, తక్కింది గూడ సూసినట్టే."

గుండె మీది ఫోనును తలగడ కిందికి తోసి, వరండాలోకి వినిపించేలా భార్యను పిలిచాడు. ఏమైందోనని ఆమె పరుగున వచ్చింది. ఆకలైతాంది, ఏమన్న ఉంటె పెట్టు అన్నాడు. ఆమె నా వైపు ఒకసారి చూసి, వెళ్లి గిన్నె తెచ్చుకుని మంచం పక్కన కూర్చుని మూత తీసింది.